చూడటానికి తోడేసిన పెరుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి కంచాలూ వంటింటి గోడకు ఆనించి ఉండేవి. మా నాయనమ్మ కంచం ఒక్కటే వెనక పాకలో, ఆమె మంచం పక్కన పీట మీద ఉండేది. అక్కడ పెట్టుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే పెట్టుకుంది. చెంబు వేరు, గ్లాసు వేరు, చాప వేరు. తన కంచం తనే కడుక్కునేది. కడిగిన నీళ్లు బావి వైపు పోకుండా తీసుకెళ్లి అవతల కంచె దగ్గర పారబోసేది.

ఆమెకు పెద్దరోగం వచ్చి తగ్గింది. కుష్ఠు అన్న మాట మా ఊళ్లో ఎవరూ నోటితో అనేవారు కాదు. పెద్దరోగం అనేవారు, అదీ గొంతు తగ్గించి. నేను పాకే వయసులో ఆమె మిషన్ దవాఖానాకు వెళ్లి, నేను బడికి వెళ్లే వయసుకు తిరిగొచ్చింది. మందులన్నీ పూర్తయ్యాయని, ఇక ఆమె వల్ల ఎవరికీ భయం లేదని అక్కడి డాక్టరు మా నాన్నకు చెప్పి పంపాడట. కుడిచేతి వేళ్లు కొంచెం వంకర తిరిగాయి. అంతకు మించి చూసేవాళ్లకు తేడా ఏమీ కనపడేది కాదు. డాక్టరు మాట మా నాన్న నమ్మాడు గానీ, మా నాయనమ్మే నమ్మలేదు.

మాది సారపాకకు దగ్గరి ఊరు. మా నాన్న పేపరు మిల్లులో వెదురు లారీలు దించే పనికి పోయేవాడు. మిల్లు సైరన్ మా ఊరి దాకా వినిపించేది, దాన్ని బట్టే మా అమ్మ పొయ్యి ముట్టించేది, నేను బడికి పరిగెత్తేదాన్ని. ఆదివారం ప్రార్థనకు అందరం చర్చి లోపల కూర్చుంటే, మా నాయనమ్మ చెప్పుల దగ్గర, గుమ్మం అవతల కూర్చునేది. పాటలు మాత్రం అందరికంటే గట్టిగా ఆమే పాడేది. పాట గుమ్మం దాటి లోపలికి రావచ్చు, తను మాత్రం రాకూడదు. ఆమె లెక్క అట్లా ఉండేది.

జబ్బు రాకముందు మా వాడలో పెరుగు తోడేయడంలో ఆమెను మించిన మనిషి లేదట. ముంత బోర్లించినా కింద పడనంత గట్టిగా తోడుకునేదని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. మా నాన్నకు కొంచెం కోతలు కోసే అలవాటు ఉంది, అయినా ఈ ఒక్క సంగతిలో ఇరుగుపొరుగు వాళ్లు కూడా అవునవునని తల ఊపేవారు. ఆ పెరుగన్నం కలిపి ఆమె నాకు ముద్దలు పెట్టేదట, నాకు పళ్లు రాకముందు. నాకది గుర్తు లేదు. గుర్తు లేనిదాని మీద మనిషికి అంత ఆశ ఎట్లా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు గానీ, నాకు మాత్రం ఆ ముద్ద కావాలని ఉండేది. ఒకటి రెండుసార్లు కంచం పట్టుకుని పాకలోకి పోయి, పెట్టమని మారాం చేశాను. ఆమె చేతులు కొంగు కింద దాచుకుని, "అమ్మ పెడ్తది పో బిడ్డా" అనేది. ముఖం అటు తిప్పుకునేది.

మా అమ్మ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. అత్తను పల్లెత్తు మాట అనలేదు. వేళకు అన్నం తీసుకెళ్లి పెట్టేది, తలకు నూనె ఇచ్చేది, చలికాలం తన దుప్పటి తీసి కప్పేది. కానీ నాయనమ్మ వంటింటి గుమ్మం దాకా వస్తే మాత్రం, ఎక్కడున్నా నా భుజం పట్టుకుని తన దగ్గరికి లాక్కునేది. అది ఆమె చేసే పని కాదు, ఆమె చేతిలో ఉన్న భయం చేసే పని. నాయనమ్మ అది చూసేది. చూసి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి పోయేది.

అట్లాంటి రోజుల్లో మా పక్క గదిలోకి ఒక అక్క కిరాయికి దిగింది. పెనుబల్లి వైపు నుంచి వచ్చిన మనిషి, హైస్కూల్లో సైన్సు టీచరు, కొత్త ఉద్యోగం. ఆమె మాట మా మాటకంటే కొంచెం మెత్తగా ఉండేది. మేం "ఏంది" అన్నచోట ఆమె "ఏంటి" అంటే వాడ పిల్లలమంతా నవ్వేవాళ్లం. వంట సరిగా వచ్చేది కాదు. కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వండుకుని, పచ్చడితో రోజులు గడిపేది. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని కాపీలు దిద్దుకుంటూ అందర్నీ గమనించేది. మా నాయనమ్మ కంచం కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తుందో కూడా ఆమె చూసిందని నాకు తర్వాత తెలిసింది.

చలికాలంలో ఒకరోజు అక్క నేరుగా వెనక పాక దగ్గరికి వచ్చింది. పిల్లలకు బాక్టీరియా పాఠం చెప్పాలట. పుస్తకంలో బొమ్మ చూపిస్తే ఎవరి తలకీ ఎక్కడం లేదట. స్కూల్లో ఒక మైక్రోస్కోపు ఉంది, రంగు మందు ఉంది, ఇక కావలసింది కాస్త పెరుగు. పెరుగంటే బాక్టీరియా కాపురం ఉండే ఊరు అంది. మా అమ్మ వంటింట్లోంచి విని, గిన్నెడు పెరుగు పట్టుకొచ్చింది. అక్క తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు వదినా. ఇంట్లో అందరికంటే పెద్దామె చేత్తో తోడేసిన పెరుగు కావాలి. మా పాఠానికి అట్లాంటిదే పనికొస్తుంది."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎవరు తోడేసినా పెరుగు పెరుగే, ఏ పాఠంలోనూ అట్లా ఉండదు. సైన్సు చెప్పే మనిషి అంత శుద్ధ అబద్ధాన్ని ముఖంలో ఒక్క గీత కదలకుండా చెప్పింది. నేను నమ్మాను. మా అమ్మ నమ్మలేదు, కానీ టీచరమ్మను ఎదిరించి ఏమంటుంది? గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది.

మా నాయనమ్మ చేతులు కొంగు కిందికి లాక్కుంది.

"నా చెయ్యి సంగతి నీకెవరూ చెప్పలేదా పంతులమ్మా?"

"చెప్పారు నాయనమ్మా."

"మరి ఎరికుండి గుడ అడుగుతున్నవా? గా పెరుగు ఎవలన్న తింటరా?"

"ఎవరూ తినరు. అద్దం కింద పెట్టి చూసి, కడిగేస్తాం. చూడటానికే."

"తినేది కాదు గదా. చూసేదే గదా."

ఆ మాట ఆమె రెండుమూడుసార్లు తనలో తను అనుకుంది. తినేదైతే చచ్చినా ఒప్పుకునేది కాదు. చూసేది కాబట్టి ఒప్పుకుంది. అక్క ఆ ఒక్క సందు చూసుకునే వచ్చిందని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మా అమ్మ పాకలోకి అన్నీ పంపింది. కొత్త ముంత, చెంబుడు బర్రె పాలు, మోదుగాకులో చెంచాడు తోడు. పంపింది అంటే, గడప మీద పెట్టి వెనక్కి వచ్చింది. నాయనమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద పాలు కాచింది. ఎన్నేళ్ల తర్వాతో పాలగిన్నె ముందు కూర్చుంది కదా, ముఖం పెళ్లికి పోయేదానిలా ఉంది. చలికాలం పెరుగు సరిగా తోడుకోదని, పాలు కాస్త వేడిగానే ఉండాలని నాకు చెప్పింది. గిన్నె దించి, ముంతలోకి పోసి, పాత అలవాటు ప్రకారం వేలు ముంచి చూసుకుంది. సరిపోయిందని తల ఊపి, తోడు వేసి కలిపి, పాతబట్ట చుట్టి, ముంత ముందు కూర్చుని ప్రార్థన చేసుకుంది. నేను చూసినంతలో అన్నం ముందు కూడా ఆమె అంతసేపు ప్రార్థన చేయలేదు.

పొద్దున్నే లేచి పరిగెత్తాను. బట్ట విప్పి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. పైన ఒక పల్చటి మీగడ, కింద నీళ్లలా కదిలే పాలు. ముంత కదిపి చూశాను, వేలు పెట్టి చూశాను. తోడుకోలేదు.

నాయనమ్మ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. "సూసినవా బిడ్డా," అంది, "నా చెయ్యి పాలను గుడ సంపింది." అని చేతులు కొంగు కిందికి తీసుకుంది. మా అమ్మ వచ్చి చూసింది. "చలికి తోడుకోలేదేమో అత్తమ్మా, పోనీ తియ్" అని ముంత తీసుకెళ్లి చిక్కుడు పాదులో పారబోసింది. తర్వాత బావి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా కడుక్కుంది. నాయనమ్మ పాకలోంచి అది చూస్తోంది. ఆమె చూస్తోందని నేను చూశాను. ఆ వయసులో నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆ ఉత్త ముంత మీద తెచ్చుకుని దాన్ని కాలితో తన్నాను. అది పగల్లేదు, నా బొటనవేలే వాచింది.

సాయంత్రం సైరన్ తర్వాత అక్క వచ్చింది. సంగతంతా నేనే ఏడుస్తూ చెప్పాను. అక్క ఓదార్పు మాటలేవీ అనలేదు. పాకలోకి పోయి నాయనమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, పొయ్యి మీంచి దించాక ఎంతసేపటికి తోడేశావు, పాలమీద ఆవిరి ఉందా, ఎట్లా చూసుకున్నావు అని ఒక్కొక్కటే అడిగింది. నాయనమ్మ విసుక్కుంది.

"ఎట్ల సూస్తరు? ఏలు పెట్టి సూసిన. నాకు పాలు తోడెయ్య రాదనుకున్నవా?"

"ఏ వేలు? చూపించు."

నాయనమ్మ చూపించలేదు. అక్క చెయ్యి చాపి, కొంగు కింద ఉన్న ఆ చేతిని పట్టుకుని బయటికి తీసింది. మా నాయనమ్మ తిరిగొచ్చిన తర్వాత ఆ చేతిని ఇంకో మనిషి పట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. చూపుడు వేలు కొస మొత్తం బొబ్బ ఎక్కి ఉంది. నీళ్లు నిండి మెరుస్తోంది. ఆమెకే తెలియదు. తన వేలును ఎవరిదో చూసినట్టు చూసుకుంది.

అక్క ఆ చెయ్యి వదల్లేదు. పట్టుకునే, పాఠం చెప్పే టీచరులాగే చెప్పింది. జబ్బు పోయింది నాయనమ్మా, కానీ పోతూపోతూ నీ వేళ్లలో స్పర్శ పట్టుకుపోయింది. అది తిరిగి రాదు. నీకు సరిపోయిందనిపించిన పాలు సలసలా కాగిన పాలు. తోడులో ఉండేవి ప్రాణమున్నవి, మనలాంటివే. వెచ్చగా ఉంటే పిల్లాపాపలతో పెరుగుతాయి, పాలను పెరుగు చేస్తాయి. కాగే పాలలో పడేస్తే చచ్చిపోతాయి. నీ కోడలు అట్లా వేసినా చచ్చిపోతాయి, నేను వేసినా చచ్చిపోతాయి. వాటిని చంపింది వేడి, నీ చెయ్యి కాదు.

నాయనమ్మ వింది. విని, అసలు లోపల ఉన్న ప్రశ్న అప్పుడు అడిగింది. చాలా మెల్లగా అడిగింది, మా అమ్మకు వినపడకూడదన్నట్టు. కానీ మా అమ్మ గుమ్మం పక్కనే నిలబడి ఉంది.

"మరి నా జబ్బు పురుగు? గది పాలల్ల పడితే పెరగదా? పిల్ల తింటే?"

"నీ ఒంట్లో అది లేదు, మందులు దాన్ని చంపేశాయి. ఉన్న రోజుల్లో కూడా అది పాలల్లో పెరిగేది కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు దాన్ని గాజు గిన్నెల్లో పెంచి చూద్దామని ఎన్నో ఏళ్లు తంటాలు పడ్డారు. రకరకాల తిండి పెట్టారు. ఎక్కడా పెరగలేదు. పెరుగు బాక్టీరియా అట్లా కాదు, గోరువెచ్చని పాలు కనపడితే చాలు, తెల్లారేసరికి ఊరు కట్టేస్తుంది. రెండూ బాక్టీరియాలే. కానీ ఒక జాతి కాదు, ఒక బుద్ధి కాదు."

"గట్లనా," అంది నాయనమ్మ. బొబ్బ ఎక్కిన వేలును రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం మళ్లీ పాలు కాచారు. ఈసారి అక్క నాకు పని అప్పజెప్పింది. నాయనమ్మ వేళ్లకు తెలియనిది నీ వేలికి తెలుస్తుంది కదా, నువ్వు చూసి చెప్పు అంది. నేను చిటికెన వేలు ముంచి చురుక్కుమని లాక్కున్నాను. కాసేపాగి మళ్లీ ముంచాను. నాయనమ్మ నా వేలు వంక కాదు, నా ముఖం వంక చూస్తోంది. వేడి ఎంత ఉందో నా కళ్లల్లో వెతుక్కుంటోంది. చివరికి వేలు పాలల్లో ఉంచి, తీయకుండా, "ఇప్పుడు బాగుంది నాయనమ్మా, వెచ్చగ ఉంది" అన్నాను. ఆమె తోడు వేసింది. మోదుగాకు పక్కన పెట్టి, బొబ్బ లేని ఎడమచేత్తో, వేళ్లతోనే కలిపింది.

తెల్లారి ముంత వంచితే పెరుగు కదల్లేదు. బోర్లించి చూద్దామని నాకు చెయ్యి దురద పెట్టింది గానీ, మా నాన్న కోతలను పరీక్షించే రోజు కాదది.

అక్క మధ్యాహ్నం మైక్రోస్కోపును చెక్కపెట్టెతో సహా సైకిలు వెనక కట్టుకుని తెచ్చింది. హెడ్‌మాస్టరు గారిని బతిమాలి తెచ్చానంది. పెరట్లో ఎండ పడేచోట పీట మీద పెట్టి, కింద ఉన్న చిన్న అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పింది. మా అమ్మ తోడేసిన పెరుగు ఒక గాజుపలక మీద, నాయనమ్మ తోడేసింది ఇంకో పలక మీద, ఒక్కో చుక్క నీళ్లతో కలిపి పల్చగా పూసింది. ఆరాక పలకలను స్పిరిట్ దీపం మంట మీంచి అటూ ఇటూ లాగింది.

"ఏంది పంతులమ్మా, వేడి తగిలితే సస్తయంటివి, మళ్ల నువ్వే కాలుస్తున్నవు?"

"ఇప్పుడు కావాలనే చంపుతున్నా నాయనమ్మా. చంపి పలకకు అతికించకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతాయి."

నాయనమ్మ నవ్వింది. నీలం రంగు మందు చుక్క వేసి, కాసేపుంచి, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, అక్క ముందుగా మా అమ్మను పిలిచింది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని వంగి చూసింది. తన పెరుగు చూసింది, తర్వాత నాయనమ్మ పెరుగు చూసింది. మళ్లీ మొదటిది పెట్టమంది. మళ్లీ రెండోది. ఏది ఏదో మరిచిపోయి, ఇది ఎవరిదని అడిగింది. అక్క చెప్పలేదు, నువ్వే చెప్పు వదినా అంది. అమ్మ చెప్పలేకపోయింది. అయినా కన్ను తీయకుండా చూస్తూనే ఉంది. ఆమె దేనికోసం వెతుకుతోందో నాకిప్పుడు తెలుసు. తను ఇన్నేళ్లూ భయపడిన దానికోసం వెతుకుతోంది. అది అక్కడ లేదు.

తర్వాత నాయనమ్మ వంతు. ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో చూడటం ఆమెకు రాలేదు, రెండూ కలిసే మూసుకుపోయేవి. నేను వెనక నిలబడి నా అరచేత్తో ఆమె ఎడమ కన్ను కప్పాను. మొదట అంతా నీలంగా ఉంది, ఏం కనపడట్లేదంది. అక్క పక్కనున్న మర మెల్లగా తిప్పింది. నాయనమ్మ ఇంకాస్త కిందికి వంగింది.

"అవ్, కనపడ్డయ్. సిన్న సిన్న పుల్లలు. ఒకదాని ఎంక ఒకటి, చీమల బారు లెక్క." కాసేపాగి, "గివి నేను పెంచినయేనా?" అని అడిగింది.

"నువ్వు పెంచినవే."

నా అరచెయ్యి తడిసింది. నేను చెయ్యి తీయలేదు.

అక్క పాఠానికని ఒక గాజు సీసాలో కాస్త పెరుగు తీసుకుంది. ముంతలో ఇంకా చాలా మిగిలింది. చూడటం అయిపోయింది కాబట్టి ఇక కడిగేయాలి, అది కదా ఒప్పందం. నాయనమ్మ తనే ముంత పట్టుకుని కంచె వైపు నడిచింది. అప్పుడు మా అమ్మ అడ్డం వచ్చింది. ముంత తీసుకుని వంటింట్లోకి పోయింది. బావి దగ్గరికి పోతుందేమోనని నేను చూశాను. పోలేదు. నా కంచంలో వేడి తగ్గిన అన్నం వేసి, ఆ పెరుగు గరిటెడు వేసి, తెచ్చి నాయనమ్మ ముందు పెట్టింది. నా భుజం పట్టుకుంది. ఈసారి తన వైపు లాక్కోలేదు, ముందుకు తోసింది.

"పిల్లకు కలిపి పెట్టు అత్తమ్మా. ఎప్పటి సంది అడుగుతున్నది."

నాయనమ్మ చెయ్యి కడుక్కుంది. కడుక్కున్న చేతినే మళ్లీ కడుక్కుంది. అక్క, "చాలు నాయనమ్మా, అరిగిపోతుంది" అంది. కుడిచేతి వేలికి బొబ్బ ఉంది కాబట్టి ఎడమచేత్తోనే కలిపింది. ఎడమచేత్తో అన్నం పెట్టకూడదని మా ఇంట్లో ఆరోజు ఎవరికీ గుర్తు రాలేదు. ముద్ద సరిగా కుదరక రెండుసార్లు జారింది. మూడో ముద్ద నా నోటి దాకా వచ్చి ఆగింది. ఆమె మా అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఊపింది.

ఆ ముద్దలో ఉప్పు లేదు. ఉప్పు వేయడం ఎవరికీ తట్టలేదు. నేను చెప్పలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆ రాత్రికి నాయనమ్మ కంచం కూడా వంటింట్లోకి వచ్చింది, మా అమ్మే తెచ్చి మా కంచాల పక్కన గోడకు ఆనించింది.

అక్కకు ఏడాది తిరక్కుండానే దమ్మపేట వైపు బదిలీ అయింది. మా నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆదివారాలు చర్చి లోపల కూర్చుంది. ఇంట్లో పెరుగు తోడేసే పని మళ్లీ ఆమెదే, వేడి చూసే పని నాది. నేను పెళ్లై పోయేదాకా అట్లాగే సాగింది. అత్తగారింటికి పోయే రోజు ఏడవకుండా, "రేపటి సంది నాకు పాల వేడి ఎవలు చెప్తరే?" అని అడిగింది. మా అమ్మ పక్కనుంచి, "నేను లేనా అత్తమ్మా" అంది.

నేను బాక్టీరియా గురించి పెద్ద చదువులేమీ చదవలేదు. వాటిలో మంచివీ చెడ్డవీ ఉంటాయని, చెడ్డది కూడా ఒకసారి పోయాక పోయినట్టేనని, మనుషుల్లో భయమే దానికంటే ఎక్కువ రోజులు బతుకుతుందని మాత్రం తెలుసు. అంతకు మించి ఆ రోజు నాకు మిగిలింది ఒక అలవాటు. ఇప్పుడు నా మనవరాలు నవ్వుతుంది, పాలు గోరువెచ్చగా ఉన్నాయని గిన్నె పట్టుకుంటే తెలియదా, వేలు ముంచి అంతసేపు ఎందుకు కూర్చుంటావని. వేలు పాలల్లో ఉంచి, ముఖం పైకెత్తి, ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నట్టు చూస్తానట.

కూర్చునే ఉంటుంది. ఇప్పుడు బాగుంది నాయనమ్మా, వెచ్చగా ఉంది అని చెప్పాకే నేను తోడు వేస్తాను.